కథకుడికి కుడిఎడమల

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు మీద ఉంది నేరేడుచర్ల. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో పాటల సభ పెట్టినా, పాటగాడు మైకు అందుకోకముందే వేదిక వెనకాల ఒక పని మొదలవుతుంది. ఇద్దరు ముగ్గురు గొంతుక్కూర్చుని గడ్డి, పాత కాగితాలు అంటించి డప్పులు కాస్తుంటారు. సెగకు అటొకసారి ఇటొకసారి తిప్పి, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. సెగ చాలకపోతే డప్పు మొద్దుగా పలుకుతుంది, మించితే తోలు పగులుతుంది. చలి రాత్రయితే రెండు పాటలకే మంచుకు మళ్లీ సడలుతుంది. అప్పుడు ఒకరు చప్పుడు లేకుండా వరుసలోంచి తప్పుకుని మంట దగ్గరికి పోవాలి, మిగిలినవాళ్లు దరువు తగ్గకుండా నెట్టుకు రావాలి. ఎదురుగా కూర్చున్న వేలమందికి ఇదేమీ కనపడదు. వాళ్ల చూపంతా నడుమ నిలబడ్డ మనిషి మీదే.

పాశ్చాత్య దేశాల్లో రాక్ స్టార్‌కు ఉండే జనాకర్షణ మన దగ్గర ప్రజాగాయకుడికి ఉంది, అంతకుముందు కథకుడికి, పద్యం పాడే నటుడికి ఉండేది. వాళ్ల చరిత్ర ఎంతో కొంత రాసుకున్నాం. వాళ్ల పక్కన నిలబడి గొంతు కలిపినవాళ్ల చరిత్ర, పెట్టె మోసినవాళ్ల చరిత్ర, శృతి పట్టుకున్నవాళ్ల చరిత్ర మాత్రం ముక్కలుముక్కలుగా మిగిలింది. ఆ ముక్కల్ని ఒకచోట చేర్చి చూస్తే, తెలుగు పాట ఏ కాలంలోనూ ఒంటరి గొంతు మీద నడవలేదని తెలుస్తుంది.

నేరేడుచర్ల నుంచి దక్షిణంగా పోయి కృష్ణ దాటితే పల్నాడు. ఆ పల్నాటి వీరుల కథ ఓరుగల్లులో పాడుకోవడం క్రీడాభిరామం అనే పాత కావ్యంలో కనిపిస్తుంది. కథ నది దాటి రాజధాని వీధుల్లోకి వచ్చిందంటే, దాన్ని మోసుకొచ్చినవాళ్లు ఊరూరా తిరిగే బృందాలే అయి ఉండాలి. జంగం కథల్లో ఆ బృందం రూపం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మగవాడు తంబుర భుజాన వేసుకుని కథ నడిపితే, ఇంటి ఆడవాళ్లే గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవారు. పగలు వంట, పిల్లలు, ప్రయాణం వాళ్లవే. రాత్రి కథలో సగం బరువూ వాళ్లదే. ఈ స్త్రీల పేర్లు పుస్తకాల్లో దాదాపు కనపడవు. మన సాహిత్య చరిత్రలో ఇంతకంటే పెద్ద లోటు నాకు కనపడదు.

ఆ జంగం కథే 1940ల్లో బుర్రకథగా కొత్త బలం పుంజుకుంది. కమ్యూనిస్టు కళాకారుల ప్రజానాట్యమండలి దాన్ని ఉద్యమానికి తెచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ దాన్ని శిఖరానికి చేర్చాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది ఆయనకు. కానీ నాజర్ అందుకున్న ఆ ప్రక్రియ కట్టుబాటులోనే ముగ్గురున్నారు. నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. కథకుడు యుద్ధం వర్ణిస్తూ ఊపిరి తీసుకునే ఆ రెండు క్షణాలూ పూడ్చేది వంతలే. అతను బొబ్బిలి కోట దగ్గర ఉంటే, రాజకీయ వంత నిన్నటి ఊరి దొరను కథలోకి లాగుతాడు. కంటతడి పెట్టిన జనాన్ని మరుక్షణంలో నవ్వించి, మళ్లీ ఏడుపుకు సిద్ధం చేసేది హాస్య వంత. కథకుడు ఎంత గొప్పవాడైనా వంతలు తాళం తప్పితే ఆ రాత్రి కథ అక్కడికి సరి.

నిజాం మీద పోరాటం నడిచిన కాలంలో ఈ ప్రాంతం నడిచిన తీరు వేరు. పక్కనే మునగాల పరగణా. నిజాం రాజ్యం నడుమ ఉన్నా బ్రిటిష్ ఏలుబడిలోని కృష్ణా జిల్లా కిందికి వచ్చేది. నిజాం పోలీసులు అక్కడికి చేయి చాచడం కష్టం. కాబట్టి మనుషులకూ మాటకూ పాటకూ అదొక దారి అయింది. ఇంకొక పక్కన సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపం తీసుకుని సంఘం మాట చెప్పాడు. గొంగడి, చేతికర్ర, పక్కన ఇద్దరు వంతలు, జనానికి చిన్నప్పటి నుంచి తెలిసిన వేషమే అది. దొర గడీకి కూతవేటు దూరంలో ఆ సుద్దులు పాడటానికి కథకుడికి ఎంత తెగువ కావాలో, బదులు పలికేవాడికీ అంతే కావాలి. పట్టుబడితే దెబ్బల్లో తేడా ఏమీ ఉండేది కాదు. తేడా వచ్చింది తర్వాత, పేర్లు రాసేటప్పుడే.

ఆ రోజుల్లో నల్లగొండ జిల్లా బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి’ ఇందుకు మంచి ఉదాహరణ. 1980లో వచ్చిన ‘మా భూమి’ సినిమాలో ప్రజాగాయకుడు గద్దర్ తెరమీద కనిపించి ఆ పాట పాడాడు. దాంతో అది రాష్ట్రమంతా పాకింది. ఈనాటికీ చాలామంది ఆ పాట గద్దర్‌దే అనుకుంటారు. గద్దర్ గొంతు లేకపోతే అది ఇంత దూరం వచ్చేది కాదు, నిజమే. యాదగిరి లేకపోతే ఆ గొంతుకు ఆ పాటే లేదు.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక ఈ నేల తీరు మారింది. వరి వచ్చింది, వరితో మిర్యాలగూడ రైసుమిల్లులు వచ్చాయి. నాటకం కాంట్రాక్టులు, ఆర్కెస్ట్రాలు, సినిమా పాట కూడా ఊళ్లలోకి చేరాయి. సినిమా పాట అంటే అప్పుడు ఘంటసాల. ఆయన వెనక ఉన్న మనిషి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

విజయనగరంలో సంగీతం నేర్చుకున్న రోజుల్లో ఘంటసాల వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని చదివాడు. ఆయనకు విద్య చెప్పినవారు పట్రాయని సీతారామశాస్త్రి. ఆ గురువుగారి కొడుకు సంగీతరావు తర్వాతి కాలంలో మద్రాసు వచ్చి ఘంటసాలకు సహాయకుడయ్యారు. గురుపుత్రుడు శిష్యుడి పక్కన హార్మోనియం పట్టుకుని కూర్చున్నారు. ఆ స్థానం చిన్నదని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. బాణీ తయారవుతున్నప్పుడు స్వరం రాసుకోవడం, వాద్యబృందానికి నేర్పడం, కచేరీలో గాయకుడు ఏ పద్యం ఎత్తుకుంటాడో ఒక చిన్న తలఊపులో పసిగట్టి ముందే శృతిలో ఉండటం ఆయన పని. 1971లో ఘంటసాల యూరప్, అమెరికాల్లో కచేరీలు చేసినప్పుడూ పక్కన ఉన్నది ఆ హార్మోనియమే.

పద్యం పాడేవాడి పక్కన హార్మోనియం వాయించడం ఎంత కష్టమో నాటకాలు చూసినవాళ్లకు తెలుసు. పద్యానికి తాళం కట్టుండదు. గాయకుడు ఎక్కడ ఆగుతాడో, రాగాన్ని ఎంత సాగదీస్తాడో ముందు తెలియదు. అతని కంటే ఒక్క వెంట్రుకవాసి వెనక ఉండాలి. మరీ వెనకబడితే పాట తేలిపోతుంది, ముందుకు పోతే గాయకుడు ఇబ్బంది పడతాడు. సంగీతరావు ఆ పని ఏళ్ల తరబడి చేశారు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయాక వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చి తానేమిటో చూపించారు. 2021లో నూరేళ్లు నిండిన వయసులో చెన్నైలో కన్నుమూశారు. ఘంటసాల దగ్గరే సహాయకుడిగా ఉన్న జె.వి. రాఘవులు ‘జీవన తరంగాలు’ వంటి చిత్రాలతో సంగీత దర్శకుడిగా నిలదొక్కుకున్నారు. ఆ హార్మోనియం పక్కన నేర్చిన చదువు ఏ కాలేజీలోనూ దొరికేది కాదు.

ఇదే కాలంలో లివర్‌పూల్‌లో ఇంకో తీరు నడిచింది. మాల్ ఎవాన్స్ అక్కడ టెలిఫోన్ మెకానిక్. కావెర్న్ క్లబ్బు గుమ్మం దగ్గర కాపలాకు కుదిరి, బీటిల్స్ వెంట వెళ్లిపోయాడు. 1963 జనవరి చలిలో లండన్ నుంచి లివర్‌పూల్ వస్తుంటే వ్యాన్ అద్దం పగిలింది. అతను ఆ అద్దం గుద్ది తీసేసి, ఎదురుగాలి మొహాన కొడుతుంటే తెల్లవార్లూ బండి నడిపాడు. వెనక నలుగురూ చలికి ఒకరి మీద ఒకరు పడుకున్నారు. ‘ఎ డే ఇన్ ద లైఫ్’ పాటలో వాద్యబృందం కోసం ఖాళీ వదిలిన 24 ఆవృత్తాలు లెక్కపెట్టింది అతనే. అలారం గడియారం మోగించిందీ అతనే. చెవిపెట్టి వింటే ఆ లెక్క ఇప్పటికీ వినపడుతుంది. బృందం విడిపోయాక అతనికి స్థిరమైన చోటు దొరకలేదు. 1976 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో పోలీసు కాల్పుల్లో 40 ఏళ్లకే చనిపోయాడు. రోలింగ్ స్టోన్స్‌లో ఇయాన్ స్టూవర్ట్ కథ ఇంకా బాధ. బృందం పెట్టినవాళ్లలో ఒకడు, పియానో మనిషి. చూడటానికి తగినట్టు లేడని 1963లో వరుసలోంచి తీసేశారు. అతను పోలేదు. వాళ్ల సామాను మోశాడు, బండి నడిపాడు, పియానో వాయించాడు, 1985లో చనిపోయేదాకా వాళ్లతోనే ఉన్నాడు.

మన దగ్గర అలా తీసేయడం కుదరదు, ఎందుకంటే పాటే బదులు కోరుతుంది. 1972లో మొదలైన విప్లవ కళాసంస్థ జననాట్యమండలిలో గద్దర్ గోచి, గొంగడి, చేతిలో కర్రతో వచ్చి ఒక మాట విసిరితే, వెనక వరుస దాన్ని అందుకుని జనంలోకి తోసేది. డప్పు, డోలక్, గజ్జెలు, కోరస్ అన్నీ వేదిక మీదే కనపడేవి. ఆయన అజ్ఞాతానికి పోయిన 1985 నుంచి మళ్లీ బయటికొచ్చిన 1990 దాకా ఊళ్లలో పాట ఆగలేదు. ఆ అయిదేళ్లూ దాన్ని నిలబెట్టినవాళ్లు పెద్ద పేర్లున్నవాళ్లు కారు. గొంతు కలిపి కలిపి పాటంతా కంఠతా వచ్చినవాళ్లు. కొందరు జైలుకు పోయారు, కొందరు ప్రాణం పోగొట్టుకున్నారు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగాక, ఆయన పక్కన వేదికెక్కడమే తెగించి చేయాల్సిన పనయింది.

తెలంగాణ రాష్ట్ర ఉద్యమంలో భాగంగా 2002 సెప్టెంబరులో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఈ వరుసను ఇంకా పెద్దది చేసింది. ఒక గాయకుడి సభ కాస్తా అనేకమంది గాయకుల సభ అయింది. ఒక్కరు పాడుతుంటే పదిమంది ఆడారు, తర్వాత ఆ పదిమందిలో ఒకరు మైకు అందుకున్నారు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో తరతరాలుగా నడుస్తున్న పద్ధతే ఇది. అక్కడ బేరీలు కొట్టేవాడూ, కత్తులు తిప్పేవాడూ, ఓ లింగా అని కేకేసేవాడూ ఒకరి వెనక ఒకరు అంటూ ఉండరు.

రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. నెల జీతం మీద డోలక్ వాయించే మనిషి మన చరిత్రలో చాలా అరుదు. సర్కారు పథకాలు పాడించడానికే వాళ్లను పెట్టారన్న విమర్శ ఉంది, అందులో నిజం లేకపోలేదు. అయినా పెద్ద గాయకుడు పిలిస్తే తప్ప పొయ్యి వెలగని స్థితి నుంచి ఆ కుటుంబాలు కొంత బయటపడ్డాయి. జీతాలందని వేలమంది మాత్రం ఇప్పటికీ పెళ్లిళ్లకు, బోనాలకు, ఎన్నికల ప్రచారాలకు రోజు లెక్కన పోతున్నారు. పోస్టర్ మీద గాయకుడి బొమ్మ ఉంటుంది, కింద ‘వారి బృందం’ అని ఒక్క మాట ఉంటుంది. ఆ ఒక్క మాట చోట నాలుగు పేర్లు అచ్చు వేయడానికి ఏ అచ్చాఫీసూ ఎక్కువ డబ్బు అడగదు.

2023 జూన్ 29న తెలంగాణ ఉద్యమ గాయకుడు సాయిచంద్, ఆగస్టు 6న గద్దర్ పోయారు. నలభై రోజులు తిరగకముందే రెండు తరాల పాటగాళ్లు లేకుండా పోయారు. ఆ తర్వాత జరిగిన సంతాప సభల్లో వాళ్ల పాటలు ఎత్తుకున్నవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి వాళ్ల వెనక కోరస్ పాడినవాళ్లే. కాగితం చూడాల్సిన పనిలేకుండా మొదటి చరణం నుంచి చివరిదాకా పాడారు, దరువు మారే చోట్లన్నీ వాళ్లకు తెలుసు.