పుట్ అప్ విత్: ఒర నుండి ఓర్పునకు

ఆంగ్లమున క్రియకు అప్, ఆఫ్, ఔట్ వంటి చిన్న పదము తోడైనంతనే అర్థమంతయు మాఱిపోవుట పరభాషీయులకు మిక్కిలి క్లేశకరమని, 1755లో నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ తన పీఠికయందే అంగీకరించెను. అట్టివానిలో నాకు మిక్కిలి ప్రియమైనది ‘పుట్ అప్ విత్’. పెట్టుట, పైకి, తోడ అను మూఁడర్థములను ఎంత కూడినను ‘సహించుట’ యను భావము పుట్టదు.

పూర్వము ‘పుట్ అప్’ అనఁగా ఎత్తిపెట్టుట, లోపల దాఁచుట. మన ‘ఎత్తిపెట్టు’ దానికి అచ్చముగా తోఁబుట్టువు. 1611 నాఁటి ఆంగ్ల బైబిలులో, కత్తిని ఒరలో నుంచుమని యేసు పేతురును ఆజ్ఞాపించు తావున ఈ మాటయే కలదు. దూసిన కత్తిని ఒరలోనికి చేర్చినట్లే, పడిన అవమానమును బదులు తీర్చుకొనక లోపల దాఁచుకొనుటయు ‘పుట్ అప్’ అయ్యెను. షేక్స్పియరు ‘ఒథెల్లో’ నాటకమున, ఇయాగోచే వంచితుఁడైన రోడరిగో తానిఁక ఓర్వఁజాలననుచు ‘విత్’ లేకయే ఈ క్రియను వాడినాఁడు. ఆ తోఁక తరువాతి కాలమున వచ్చి చేరినది.

తెలుగువారు దుఃఖమును దిగమ్రింగుదురు, బిడ్డల తప్పును కడుపులో పెట్టుకొందురు. ఆంగ్లేయునకు ఒర యెట్టిదో మనకు ఉదరమట్టిది. అయినను కడుపులో పెట్టుకొనుటయందు క్షమ గలదు; ‘పుట్ అప్ విత్’నందు అది లేదు, తీఱని విసుగే యున్నది. కావున దానిని ‘ఓర్చుకొను’, ‘భరించు’ అని తెనిఁగించుటయే న్యాయము. ‘విత్’ను విడిచి అతిథిని ‘పుట్ అప్’ చేయుట యనఁగా ఇంట బస యొసఁగుట. చేర్చినచో, అతనిని ఎట్లో భరించుట.