స్పానిష్ గిటార్ కాన్సెర్టోలు

ఒక్క గిటార్‌ను ముందు నిలిపి, ఆర్కెస్ట్రా మొత్తం దానితో కలిసి వాయించే పెద్ద కృతిని గిటార్ కాన్సెర్టో అంటారు. చిక్కంతా గిటార్ గొంతులోనే ఉంది. మీటిన తీగ నాదం పుట్టీ పుట్టగానే సన్నగిల్లుతుంది. పాతబస్తీ బరాత్‌లో మర్ఫా హోరుగా మోగుతుంటే పక్కన కూర్చుని సితార్ వాయిస్తే ఎవరికి వినపడుతుంది?

ఇటలీకి చెందిన మౌరో జూలియానీ 1808లోనే వియన్నాలో గిటార్ కాన్సెర్టో వినిపించాడు. తర్వాత స్పెయిన్‌లో ఆంతోనియో దె తోరెస్ (1817–1892) గిటార్ పెట్టెను పెద్దది చేసి, పైచెక్క అడుగున విసనకర్ర పుల్లల్లా బద్దలు అమర్చి, నాదానికి బలం తెచ్చాడు. ఈనాటి గిటార్‌కు అదే మాతృక.

ఈ చరిత్రలో అందరికన్నా ముందు చెప్పుకోవలసిన పేరు హోఆకిన్ రొద్రిగో (1901–1999). మూడేళ్ల వయసులో డిఫ్తీరియా వల్ల ఆయన చూపు పోయింది. పియానో విద్వాంసుడే గాని, గిటార్ వాయించేవాడు కాదు. స్వరాలను బ్రెయిలీలో రాసుకుని, చదివి చెప్పి మరొకరిచేత రాయించేవాడు. 1939లో పారిస్‌లో పూర్తయిన ఆయన ‘కాన్సియెర్తో దె అరన్‌హ్వెజ్’ను 1940 నవంబర్ 9న బార్సిలోనాలో రెహీనో సాయింజ్ దె లా మాజా తొలిసారి వాయించాడు. మాడ్రిడ్ దగ్గరి రాజోద్యానాల పేరే ఈ కృతికి పెట్టారు.

ఇందులో డోళ్లు లేవు. గిటార్ పలికేటప్పుడు తక్కిన వాద్యాలు చాలావరకు ఒదిగి ఉంటాయి. రెండో భాగం వింటే రొద్రిగో నేర్పు తెలుస్తుంది. గిటార్ మెల్లగా తీగలన్నిటినీ కలిపి మీటుతుంటే, కోర్ ఆంగ్లే అనే ఊదే వాద్యం దానిమీద పాట ఎత్తుకుంటుంది. అదే పాటను గిటార్ అందుకుని, మన గమకాలను తలపించే అల్లికలతో తిరిగి పాడుతుంది. తొలి బిడ్డ దక్కని దుఃఖం ఈ భాగంలో ఉందని భార్య విక్తోరియా తర్వాత రాసింది. గిటార్ కోసం పుట్టిన సంగీతంలో ఇంతగా గుండెను పట్టేది మరొకటి లేదు.

స్పెయిన్‌కే చెందిన ప్రసిద్ధ గిటార్ విద్వాంసుడు సెగోవియా మాత్రం దీన్ని కచేరీల్లో వాయించలేదు. ఆయన కోసం రొద్రిగో 1954లో, 17వ శతాబ్దపు గాస్పర్ సాన్జ్ బాణీల ఆధారంగా ‘ఫాంతసియా పారా ఉన్ హెంతిలోంబ్రె’ రాశాడు. 1967లో గిటార్ వాద్యకారులైన రొమేరో కుటుంబం కోసం ఆయన నాలుగు గిటార్ల కాన్సెర్టో వచ్చింది.

తెలుగునాట ఇలాంటి చిక్కే పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014)కు ఎదురైంది. మాండొలిన్ తీగ నాదం గమకం పూర్తయ్యేదాకా నిలవదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకుని, జంట తీగలకు బదులు ఒంటి తీగలు కట్టుకున్నాడు. దానిమీదే కర్ణాటక సంగీతం పలికిస్తూ, 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ కళోత్సవంలో కచేరీ చేశాడు.