అసలు సినిమాకు ముందు ఆడిన నేరకథలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ థియేటర్లలో ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు చూపించడం మామూలు. పేరున్న తారల చిత్రానికి ముందు గంటా, గంటంబావు సాగే చిన్న చిత్రం ఒకటి ఆడేది. చాలాసార్లు అది నేరకథే అయ్యేది.

ఈ చిన్న సినిమాను నిలబెట్టింది చట్టం. హాలీవుడ్ ధాటికి స్వదేశీ పరిశ్రమ కొట్టుకుపోకుండా 1927లో చేసిన చట్టం, థియేటర్లు కొంత వాటా బ్రిటిష్ చిత్రాలకు ఇవ్వాలని నిర్బంధించింది. 1948 చట్టం ఇలా ముందు ఆడే సహాయక చిత్రాలకు విడిగా 25 శాతం కోటా కేటాయించింది. 1950లో మొదలైన ‘ఈడీ లెవీ’ అనే సుంకం వల్ల టికెట్ల రాబడిలో కొంత నిర్మాతలకు చేరసాగింది.

చేతిలో డబ్బు తక్కువైనప్పుడు నేరకథకు మించిన వస్తువు లేదు. రాజమహళ్లు అక్కర్లేదు, యుద్ధ దృశ్యాలు అక్కర్లేదు. పోలీసు అధికారి గది, ఒక పబ్బు, ఒక కారు చాలు. మిగిలిందంతా లండన్ వీధుల్లోనే దొరికేది. బాంబులకు కూలిన ఇళ్ల స్థలాలు, రేవు గిడ్డంగులు ఖర్చులేకుండా తెరకెక్కాయి. ఆనాటి నగరాన్ని ఇంత దగ్గరగా చూపించిన పెద్ద చిత్రాలు అరుదు.

దక్షిణ లండన్‌లోని మెర్టన్ పార్క్ స్టూడియో వీటికి పెద్ద కేంద్రం. 1953లో మొదలైన ‘స్కాట్లండ్ యార్డ్’ వరుస ఇక్కడిదే. దానికి వ్యాఖ్యాత నేరకథా రచయిత ఎడ్గర్ లస్ట్‌గార్టెన్. 1960 నుంచి ఎడ్గర్ వాలెస్ కథల వరుస వచ్చింది. పొగమంచులో మెల్లగా తిరిగే వాలెస్ శిల్పంతో ప్రతి చిత్రమూ మొదలయ్యేది.

తక్కువ ఖర్చు కథనాన్ని ఎంత బిగించగలదో హేమర్ సంస్థ 1961లో తీసిన ‘క్యాష్ ఆన్ డిమాండ్’లో కనిపిస్తుంది. కథంతా దాదాపు ఒక బ్యాంకులోనే, క్రిస్మస్ ముందు ఒక ఉదయం జరుగుతుంది. బీమా సంస్థ ప్రతినిధినని వచ్చిన పెద్దమనిషి, భార్యాబిడ్డలు తన వాళ్ల చేతుల్లో ఉన్నారని మేనేజరును బెదిరించి, 93,000 పౌండ్లు అతనిచేతే తీయిస్తాడు. కింది ఉద్యోగులను చిన్న తప్పుకే వణికించే ఆ మేనేజరు పాత్రలో పీటర్ కుషింగ్ ముఖం చెమటతో తడిసి, గొంతు తడబడుతుంటే తుపాకీ మోత అవసరమే రాదు. ఈ తరహా చిత్రాల్లో దీన్ని మించింది దొరకడం కష్టం.

1946లో సుమారు 163 కోట్లున్న టికెట్ల అమ్మకం 1960కల్లా 50 కోట్లకు పడిపోయింది. జనం టెలివిజన్‌కు మళ్లారు. 1960ల నడుమకు రెండు సినిమాల ఆట తగ్గి, సహాయక చిత్రానికి చోటు పోయింది. తీసినవాళ్లూ టెలివిజన్ బాటే పట్టారు. టెంపియన్ సంస్థ పేరుతో ఇలాంటి చిత్రాలెన్నో తీసిన రాబర్ట్ బేకర్, మాంటీ బెర్మన్ 1962లో ‘ది సెయింట్’ ధారావాహికను ప్రారంభించారు.