పేర్లు మిగిలి, పాటలు పోయి: ఆరుబయలు రాక్ సంగీతోత్సవాల్లో స్థానిక బృందాలు – చారిత్రక ఆధారాల సమస్య

ఉపోద్ఘాతం

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలపు పాటల రకాలను వరుసగా పేర్కొన్నాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అందులో ఉన్నాయి. ఆ గ్రంథంలోని పర్వత ప్రకరణం శివరాత్రికి శ్రీశైలం చేరే జనసమూహాన్నీ, వారి ఆటపాటలనూ విస్తారంగా వర్ణిస్తుంది. తెలుగు జానపద గేయ చరిత్రకు ఈ వివరాలు అతి విలువైన ఆధారాలు. అయితే ఈ ఆధారానికి ఒక పరిమితి ఉంది. పదాల పేర్లు మిగిలాయి. నాడు పాడిన పదాలు మిగలలేదు. గొబ్బి పాట నేటికీ ఉంది కాని, సోమనాథుడు విన్న గొబ్బి పదం మనకు అందలేదు. పాడినవారి ఊరూ పేరూ తెలియవు.

సుమారు ఏడువందల ఏళ్ల తరువాత, అచ్చుయంత్రం, ధ్వనిముద్రణ, అంతర్జాలం అన్నీ అందుబాటులోకి వచ్చాక కూడా ఇదే పరిస్థితి మరొక రంగంలో పునరావృతమవుతున్నది. ఆరుబయట రెండు మూడు రోజులు జరిగే చిన్న రాక్ సంగీతోత్సవాల్లో పాడే స్థానిక బృందాల విషయం ఇది. ఉత్సవం ముగిశాక గోడపత్రిక మిగులుతుంది, దానిమీద బృందాల పేర్లు మిగులుతాయి. పాటల్లో ఎక్కువ భాగం మిగలదు. భారతదేశంలో ఈ ఉత్సవాల చరిత్రను అరుణాచల్ ప్రదేశ్‌లోని జిరో ఉత్సవం ప్రధాన ఉదాహరణగా పరిశీలించి, బృందాల పాటను సాహిత్య పాఠంగా గుర్తించి సేకరించవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నగర రంగస్థలం నుంచి లోయకు

రాక్ సంగీతం మన దేశంలోకి ఎరువు సంగీతంగా వచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్, బేస్ గిటార్, డ్రమ్స్ అనే వాద్యసముదాయంతో పాటు ఆంగ్ల భాష కూడా దిగుమతి అయింది. తొలినాళ్ల బృందాలకు ప్రసిద్ధ విదేశీ గీతాలను ఉన్నదున్నట్టు వాయించగలగడమే ప్రతిభకు కొలమానం. సిమ్లా అనే సిగరెట్టు పేర 1970, 1971 సంవత్సరాల్లో జరిగిన ‘సిమ్లా బీట్’ పోటీలు ఈ దశకు ప్రతినిధులు. 1972 నుంచి షిల్లాంగులో లూ మాజా ఏటా మే 24న అమెరికన్ గాయకకవి బాబ్ డిలాన్ పుట్టినరోజును సంగీత సభగా జరుపుతూ వచ్చాడు. కొండ పట్టణం ఒక విదేశీ కవిని తన ఊరి పండుగలోకి చేర్చుకున్న తీరు ఇందులో కనిపిస్తుంది.

తరువాతి దశలో ‘సొంత రచన’ అనే విలువ ముందుకు వచ్చింది. 1986లో ముంబైలో మొదలైన ఇండిపెండెన్స్ రాక్ ఎన్నో ఏళ్లు రంగ్‌భవన్ అనే ఆరుబయలు రంగస్థలంలో జరిగింది. 1993లో అమిత్ సైగల్ అలహాబాదు నుంచి ప్రారంభించిన ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ పత్రిక, దాని ఆధ్వర్యంలో నడిచిన ‘గ్రేట్ ఇండియన్ రాక్’ ఉత్సవం సొంత పాటలు కట్టే బృందాలను ప్రోత్సహించాయి. 1996 నుంచి బెంగళూరులో స్వాతంత్ర్య దినోత్సవం నాడు జరిగే ‘ఫ్రీడమ్ జామ్’ కొత్త బృందాలకు ఉచిత వేదిక అయింది.

ఈ ఉత్సవాలు నగర మధ్యం నుంచి బయటికి జరగడానికి గల కారణాల్లో చట్టం ఒకటి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట ధ్వనివర్ధకాల వాడకాన్ని పరిమితం చేశాయి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలాలను గుర్తించే వీలు కల్పించాయి. చుట్టుపక్కల ఆసుపత్రులు, కళాశాలలు ఉన్న రంగ్‌భవన్ ఈ నియమాల వల్లనే సంగీత సభలకు దూరమైంది. తెల్లవార్లూ సాగే వీధి భాగవతం, తోలుబొమ్మలాట ఎదుర్కొన్న ఇబ్బంది కూడా దీనికి భిన్నమైనది కాదు. రాత్రిని ఆశ్రయించిన కళలన్నిటికీ నగరం ఇరుకైంది.

మూడో దశలో ‘సొంత భాష’ ప్రశ్న తలెత్తింది. బెంగాలీలో దీనికి 1975లోనే బీజం పడింది. కేరళలో 2003లో ఏర్పడిన అవియల్ బృందం మలయాళాన్ని రాక్ వేదిక మీద నిలబెట్టింది. విదేశీ గీతానుకరణ, సొంత రచన, సొంత భాష అనే ఈ మూడు దశలు ఒకటి ముగిశాక మరొకటి మొదలైనవి కావు. ఒకే ఉత్సవంలో మూడూ పక్కపక్కనే వినిపిస్తాయి. వాటికి ‘సొంత నేల’ అనే నాలుగో అంశం తోడైన చోటు జిరో.

జిరో: వేదికకు నేల పెట్టిన పేరు

అరుణాచల్ ప్రదేశ్‌లోని దిగువ సుబన్‌సిరి జిల్లాలో అపాతానీ జాతి వారు నివసించే లోయ జిరో. చదునైన వరిమళ్లు, ఆ మళ్లలోనే చేపల పెంపకం, చుట్టూ వెదురు, పైన్ తోపులు ఈ లోయ ప్రత్యేకతలు. బాబీ హనో, ఢిల్లీకి చెందిన మెన్‌హూపాజ్ బృందంలోని గిటార్ వాద్యకారుడు అనూప్ కుట్టి కలిసి 2012లో ఇక్కడ సంగీతోత్సవాన్ని ప్రారంభించారు. సాధారణంగా వరి పంటకు వచ్చే సెప్టెంబరు చివరలో నాలుగు రోజులు ఇది జరుగుతుంది. స్థానికులు వెదురుతో వేదికలు కడతారు. పగటి వేదిక పేరు దాన్యి, రాత్రి వేదిక పేరు పీలో. అపాతానీ భాషలో దాన్యి అంటే సూర్యుడు, పీలో అంటే చంద్రుడు. సూర్యచంద్రుల ఆరాధన ఆ ప్రాంతపు మత విశ్వాసానికి మూలం. వాద్యాలు బయటివే అయినా వేదిక పేరు ఆ నేలది. ఇది అలంకారప్రాయమైన నామకరణం మాత్రమే అని కొట్టివేయడానికి వీలులేదు. పండుగకు ఎవరి పేరు పెట్టాలో నిర్ణయించే హక్కు ఊరిదని అది గుర్తుచేస్తుంది.

ఈ లోయకు తెలుగు నేలతో ఒక పరిశోధనా సంబంధం ఉంది. నల్లమల చెంచులపై 1943లోను, గోదావరి తీరపు కొండరెడ్లపై 1945లోను గ్రంథాలు ప్రకటించిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, 1944లో ప్రభుత్వ ప్రత్యేకాధికారిగా సుబన్‌సిరి ప్రాంతానికి వెళ్లి అపాతానీల మధ్య పనిచేశాడు. ఆ తరువాత హైదరాబాదు సంస్థానంలో గిరిజన వ్యవహారాల సలహాదారుగా ఉన్నాడు. 1948లో వెలువడిన ఆదిలాబాద్ రాజగోండుల గ్రంథంలో గోండు పురాణ గాథలను నమోదు చేశాడు. కిక్రీ వాయిస్తూ ఆ గాథలను గానం చేసే పర్ధాన్‌లను మన పరిశోధకులు ఎరుగుదురు. 1962లో ఆయన అపాతానీలపై ప్రత్యేక గ్రంథం ప్రకటించాడు. ఒకే పరిశోధకుడు మార్లవాయిని, జిరోను తెలిసినవాడు కావడం యాదృచ్ఛికం కావచ్చు. అయితే రెండుచోట్లా ఎదురైన సమస్య ఒక్కటే: లిపిలేని పాటను ఎలా నిలుపుకోవాలి?

అపాతానీ భాషకు సంప్రదాయ లిపి లేదు. దాని క్రతు గానాన్ని స్టూవర్ట్ బ్లాక్‌బర్న్ ఏళ్ల తరబడి సేకరించి 2010లో ‘ది సన్ రైజెస్’ అనే గ్రంథంగా, మూలపాఠంతోను, ఆంగ్లానువాదంతోను ప్రచురించాడు. పురోహితుడు పాడిన పాటకు ఈ విధంగా ఒక పాఠం స్థిరపడింది. అదే లోయలో దాన్యి వేదికపై మధ్యాహ్నం ఒక స్థానిక బృందం పాడిన పాటకు అటువంటి అదృష్టం పట్టాలంటే ఎవరు పూనుకోవాలి? అమెరికాలోని సోనిక్ యూత్ బృందానికి చెందిన లీ రనాల్డో 2014లో ఇక్కడ వాయించాడు. ఆయన పాటలకు ముద్రిత రికార్డులు, విమర్శలు, అభిమానుల సేకరణలు ఉన్నాయి. పక్క జిల్లా నుంచి వచ్చి అరగంట పాడి వెళ్లిన బృందానికి గోడపత్రికలో ఒక పంక్తి మాత్రమే ఉంటుంది. జిరో వేదికమీద వినిపించిన తాబా చాకే నిశీ, హిందీ, ఆంగ్లం వంటి పలు భాషల్లో పాడే అరుణాచల్ గాయకుడు. ఒకే ప్రదర్శనలో భాష మారే ఇటువంటి పాటను ఏ ఒక్క భాషా సాహిత్య చరిత్ర కూడా తనదిగా లెక్కించదు. అలా లెక్కకు రాని పాటలే ముందుగా నశిస్తాయి.

ఏది మిగిలింది? ఎందుకు మిగిలింది?

సిమ్లా బీట్ పోటీల పాటలు నేటికీ వినగలుగుతున్నాం. సిగరెట్టు ప్రచారం కోసం వాటిని ఎల్.పి. రికార్డులుగా వెలువరించడమే అందుకు కారణం. సంగీత చరిత్ర కోసం ఎవరూ ఆ పని చేయలేదు. వ్యాపార ప్రయోజనం యాదృచ్ఛికంగా చరిత్రకు మేలు చేసింది.

బెంగాలీ ఉదాహరణ ఇంకా బోధప్రదం. నక్సల్బరీ రాజకీయాల నేపథ్యం గల గౌతమ్ చట్టోపాధ్యాయ తదితరులు 1975లో కలకత్తాలో ‘మొహీనేర్ ఘొడాగులి’ బృందాన్ని ఏర్పరచారు. జీవనానంద దాస్ కవితలోని పదబంధమే ఆ పేరు. 1977–79 మధ్య మూడు చిన్న రికార్డులు వెలువరించి బృందం విడిపోయింది. నాటి శ్రోతలు వారిని అంతగా ఆదరించలేదు. 1995లో గౌతమ్ కొత్త తరం గాయకులతో ఒక సంకలనం వెలువరించిన తరువాతనే ఆ బృందానికి విస్తృతమైన గుర్తింపు వచ్చింది. నేడు బెంగాలీ బ్యాండ్ సంగీత చరిత్ర ఈ బృందంతో మొదలవుతుంది. మూడు చిన్న రికార్డులు, ఒక సంకలనం లేకపోతే ఆ చరిత్రకు ఆరంభమే ఉండేది కాదు.

ఈ కాలంలో ప్రతి శ్రోత చేతిలోను ధ్వనిముద్రణ సాధనం ఉన్నందున ఇటువంటి నష్టం జరగదని ఎవరైనా అనవచ్చు. ఈ వాదాన్ని అంగీకరించలేం. ఒకనాడు కొత్త బృందాలకు ప్రధాన ఆశ్రయమైన మైస్పేస్ సంస్థ, సర్వర్ల మార్పిడిలో 2015 వరకు తన వద్ద చేరిన సంగీతం పోయిందని 2019లో ప్రకటించింది. అప్పటి వార్తలు దానిని సుమారు 5 కోట్ల పాటలుగా అంచనా వేశాయి. అప్పగించినచోటు భద్రమైనదని నమ్మి చాలామంది మరో ప్రతి ఉంచుకోలేదు. తాళపత్రాన్ని చెదలు తినడానికి కనీసం కొన్నేళ్లు పడుతుంది. అదీగాక, ముద్రణ ఉన్నంత మాత్రాన పాఠం ఉన్నట్టు కాదు. వాద్యాల హోరులో వినిపించిన మాండలిక పదాన్ని ఆ ప్రాంతం తెలిసినవారు వ్రాసిపెట్టకపోతే ముప్పై ఏళ్ల తరువాత అది కేవలం ధ్వనిగా మిగులుతుంది.

తెలుగు సందర్భం

పాటను కాగితంపై నిలుపుకునే ఆచారం తెలుగువారికి బాగా తెలిసినదే. సినిమా హాలు ముందు అమ్మిన పాటల పుస్తకాలు రచయిత పేరుతో సహా సాహిత్యాన్ని భద్రపరిచాయి. ప్రజా నాట్యమండలి నుంచి జన నాట్యమండలి వరకు ఉద్యమ సంస్థలు తమ పాటలను చవక పుస్తకాలుగా అచ్చువేశాయి. నిషేధాల మధ్య కూడా ఆ పాటలు చేతులు మారడానికి ఈ చిన్న పుస్తకాలు తోడ్పడ్డాయి. బ్యాండ్ పాటకు ఈ రెండు దారులూ లేవు. అది సినిమాకు చెందదు, సంస్థకూ చెందదు. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందం జానపద బాణీని, రెగ్గే లయను కలిపి కట్టిన ‘ఊరెళ్లిపోతా మామ’ నగరంలో ఇమడలేని మనిషి గోడుగా ప్రజాదరణ పొందింది. వలస గురించిన తెలుగు కవిత్వాన్ని చర్చించేటప్పుడు ఈ పాటను పక్కన పెట్టడానికి సాహిత్యపరమైన కారణం కనిపించదు. ప్రసిద్ధి పొందినందువల్ల ఆ పాట మిగిలింది. ప్రసిద్ధి పొందనివాటి మాటేమిటి?

జానపద గేయానికి కూడా ఒకప్పుడు ఈ ప్రశ్నే ఎదురైంది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’తో దానిని విశ్వవిద్యాలయ పరిశోధనలో సుస్థిరం చేశారు. ‘గేయం’ పక్కన ‘సాహిత్యం’ అనే మాట నిలపడమే ఆనాడు ఒక సిద్ధాంత ప్రతిపాదన.

పాఠ సేకరణ: కొన్ని సూచనలు

అలన్ డండిస్ 1964లో జానపద అధ్యయనానికి పాఠం, అల్లిక, సందర్భం అనే మూడు అంశాలను ప్రతిపాదించాడు. బ్యాండ్ పాటకు ఇవి చక్కగా అన్వయిస్తాయి. పాడిన మాటలు పాఠం. ఉచ్చారణ, పునరుక్తి, గిటార్ వరుసకు లోబడి పదం విరిగిన తీరు అల్లిక. ఏ వేదిక, ఏ పొద్దు, ఎటువంటి శ్రోతలు అన్నవి సందర్భం. వాన మొదలై జనం గుడారాల కిందికి వెళ్లినప్పుడు బృందం ఒక చరణాన్ని కుదించితే అది లోపం కాదు, పాఠాంతరం. ప్రతి ప్రదర్శననూ ఒక ప్రతిగా భావిస్తే, మన పాఠ పరిష్కర్తలు తాళపత్ర ప్రతులకు పాటించిన పద్ధతి ఇక్కడా ఉపకరిస్తుంది. ఒక ప్రతిని శుద్ధమని, తక్కినవాటిని భ్రష్టమని తీర్మానించే అలవాటును మాత్రం విడిచిపెట్టాలి.

సేకరణలో రచయిత అనుమతి, భాష, ఊరు, తేదీ, ఎన్నో పాటగా పాడారన్న వివరం, పాడినవారే సరిచూసిన లిఖిత పాఠం తప్పనిసరి. అనుమతి గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. జానపద గేయాన్ని అజ్ఞాత కర్తృకమని భావించి పాడినవారి పేరు వదిలివేసిన పొరపాటు మన సేకరణ చరిత్రలో ఉంది. బ్యాండ్ పాటకు కర్త ఉన్నాడు, మన సమకాలికుడు, అడిగితే చెబుతాడు. సోమనాథుడు విన్న గాయకులను ఇప్పుడు ఎవరూ అడగలేరు.

ముగింపు

ఆరుబయలు రాక్ ఉత్సవాల్లో స్థానికత అనేది బృందం చిరునామాతో తీరే విషయం కాదని, సొంత రచన, సొంత భాష, సొంత నేల అనే అంశాల కలయికగా అది క్రమంగా రూపొందిందని పై పరిశీలన తెలుపుతుంది. ఆ కలయిక జిరోలో వేదికల పేర్ల వరకు వచ్చింది. పాటల పాఠాల వరకు ఇంకా రావలసి ఉంది. మిగిలిన పాటలన్నీ ప్రచారం వల్లనో, ప్రసిద్ధి వల్లనో, ఒకరిద్దరి పట్టుదల వల్లనో మిగిలినవే. యాదృచ్ఛికత మీద ఆధారపడే ఈ స్థితిని మార్చడం సాహిత్య శాఖలు చేయగల పని. సోమనాథుడు ద్విపదలో పేర్లనైనా నిలిపాడు. ఆ పేర్ల వెనుక పాటలు లేవని ఇంతకాలం విచారించిన మనం, మన కళ్లముందు పాడుతున్నవారి విషయంలో గోడపత్రికతో సరిపెట్టుకోవడం న్యాయం కాదు.