పహాణీలోని గడులు

1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమయ్యెను. తరువాత ఆ ప్రాంతమున రాతిగుట్టలకు మారుగా అద్దాల మేడలు లేచినవి. సమాచారమును జాతులుగా విభజించుట అందలి యుద్యోగులకు నిత్యకృత్యము. ఆ మేడల క్రింది నేలను విభజించిన కథ వారికంటె చాల పాతది. దానినే చెప్పదలచితిమి.

ప్రక్కనే రాయదుర్గము కలదు. రెవెన్యూ లెక్కలలో ఒకటి రాయదుర్గము పన్మక్తా, మరొకటి రాయదుర్గము నౌఖాల్సా. మక్తా యనగా నిర్ణీతమగు పన్నుపై ఇచ్చినది. ఖాల్సా యనగా సర్కారుది. నిజాము రాజ్యమున శిస్తు ఎవరికి చేరునో దానినిబట్టి భూమికి జాతి యేర్పడెడిది: దివానీ, సర్ఫెఖాసు, పాయిగా, జాగీరు, ఇనాము. 1949లో సర్ఫెఖాసు దివానీలో కలిసెను, జాగీర్లు రద్దయ్యెను. 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారు అను హక్కుదారుని గుర్తించెను. పిమ్మట 1954-55లో ఖాస్రా పహాణీ తయారయ్యెను. అందు పట్టాదారునకు ఒక గడి, అనుభవదారునకు వేరొక గడి.

ఇది చిన్న సంగతి కాదు. హక్కు భూమికి గుణము కాదు. మనుష్యునికిని భూమికిని నడుమ, ఒకానొక కాలమున నుండు సంబంధము. పట్టా అన్నపేర నుండవచ్చును, నాగలి తమ్ముడు పట్టవచ్చును.

ఏయే వస్తువులున్నవి, వాని నడుమ సంబంధము లెట్టివి అని ముందుగా నిర్ణయించు కట్టడిని కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఆంటాలజీ యందురు. మన తార్కికులకు ఇది పదార్థ విభాగము. దాని నిర్మాణమునకు ముందే, అది ఏ ప్రశ్నలకు సమాధాన మీయవలెనో వ్రాసికొనుమని టొరంటోకు చెందిన గ్రూనింగర్, ఫాక్సు 1995లో సూచించిరి. 2012లో వెలువడిన అంతర్జాతీయ భూపరిపాలన ప్రమాణము సైతము వ్యక్తిని, హక్కును, భూఖండమును వేర్వేరు జాతులుగనే యుంచినది.

తెలంగాణమున 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగెను. వివాదగ్రస్తమగు భూములు 'బి' భాగమున చేరెను. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమయ్యెను. రిజిస్ట్రేషను, పేరు మార్పు తహశీలు కచేరీలో ఒక్కమారే ముగియుట దాని మేలు, దానిని కాదనము. కాని అనుభవదారుని గడి అందు లేకపోయెను. "ఈ చేను దున్నువా డెవడు?" అను ప్రశ్నకు అందు తావే లేదు.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున ఏడు పదార్థములను చెప్పుచు ఏడవదిగా అభావమును నిలిపెను. లేమికిని ఒక స్థాన మీయవలె నన్నమాట! గడి యుండి ఖాళీగా నున్నచో, సాగుదారు పేరు వ్రాయబడలేదని కంటికి కనబడును, ఏలయని అడుగవచ్చును. గడియే లేనిచో, వ్రాయబడని వాడును లేనివాడును ఒక్కటే యగుదురు. తరతరములుగా దున్నుచున్నవానికి ఈ భేదము తర్కశాస్త్ర చర్చ కాదు, కూటిమాట.

2025 ఏప్రిల్ 14న, అదే మాదాపురపు శిల్పారామమున, భూభారతి ప్రారంభ మయ్యెను. భూఖండములకు ఆధారు వలె భూధారు సంఖ్య నిచ్చుట ఆ చట్టములోని యొక యేర్పాటు. ఆ యేడే గ్రామములందు రెవెన్యూ సదస్సులు జరిపి, రైతుల అర్జీలను కాగితములపై స్వీకరించిరి.