రంగు కోసం వచ్చిన పురుగు

నాగజెముడు మట్టల మీద తెల్లగా పేరుకునే పురుగు, ఆదోని పత్తి మార్కెట్ ఎరిగినవాళ్ల కంటికి అచ్చం దూదిపింజే. వేళ్ల మధ్య నలిపితే చెయ్యి ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కోసమే 1795లో ఈస్టిండియా కంపెనీ ఈ కోవ పురుగును బ్రెజిల్ నుంచి కలకత్తాకు తెప్పించింది. ఎమ్మిగనూరు లాంటి నేత ఊళ్లున్న దేశంలో అద్దకపు రంగు ఎంత లాభమో కంపెనీకి తెలుసు. తీరా వచ్చింది వేరే జాతి, రంగు నాసిరకం. అయితే అది ఒక రకం జెముడును ఊడ్చిపెట్టేసింది. పురుగుతో కలుపును అణచే విద్యకు ప్రపంచంలో ఆ పొరపాటే నాంది.

1836-38లో దాన్ని దక్షిణాదికీ తెచ్చారు. మన గట్లను ఆక్రమించిన నాగజెముడును మాత్రం అది ముట్టలేదు. దానికి తగిన జాతిని 1926లో సింహళం నుంచి తెచ్చి మద్రాసు ప్రెసిడెన్సీలో వదిలారు. ఆదోని అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. అయిదారేళ్లలోనే దక్షిణాదిన నాగజెముడు పొదలు చాలాచోట్ల కుప్పకూలాయి. ఏ మొక్కకు ఏ పురుగో తెలుసుకోవడమే ఈ విద్యకు ప్రాణం.

తుంగభద్ర దిగువ కాలువ వచ్చాక ఆదోని సీమ కష్టసుఖాలు నీటితో ముడిపడ్డాయి. నీరు నిలిచిన చోటల్లా గుర్రపు డెక్క భయమే. దక్షిణ అమెరికా నుంచి అందమైన పువ్వుగా వచ్చిన మొక్క ఇది. దాని సొంతగడ్డ మీది శత్రువులైన రెండు రకాల ముక్కుపురుగులను 1980ల మొదట్లో బెంగళూరు శాస్త్రవేత్తలు తెప్పించారు. 1795లో లేని జాగ్రత్త ఈసారి తీసుకున్నారు: పంటల జోలికి పోవని పరీక్షించాకే వదిలారు.

ఈ ముక్కుపురుగు రాత్రిళ్లు ఆకును గీకి చిన్న చిన్న మచ్చలు చేస్తుంది. దాని పిల్లపురుగులు కాడను తొలుచుకుంటూ మొదలు దాకా దిగుతాయి. తొర్రల్లో నీరు చేరి, మొక్క కుళ్లి మునిగిపోతుంది. బెంగళూరు చెరువుల్లో, మణిపూర్‌ లోక్‌తాక్ సరస్సులో ఇది ఫలించింది. కానీ ఏళ్లు పడుతుంది. మురుగునీరు కలిసే చెరువులో డెక్క పెరిగే వేగాన్ని పురుగు అందుకోలేదు. ముందు మురుగు ఆపాలి, ఆ తర్వాతే పురుగు.

మీ చెరువులో డెక్క ఉంటే, మందు కొట్టించే ముందు ఒక ఆకు కోసి చూడండి. మచ్చలు కనిపిస్తే, ఒక మూలనైనా కొంత డెక్కను ముట్టకుండా వదలండి. పురుగు బతికేది అందులోనే.