దారి మనది, పటం ఎవరిది?

పిఠాపురంలో కొత్తవాళ్లెవరైనా దారి అడిగితే మనం రోడ్డు పేరు చెప్పం. పాదగయ గుడి దాటి కాస్త ముందుకెళ్లండి, అక్కడ మళ్లీ అడగండి అంటాం. ఈ చెప్పే తీరును కంప్యూటరుకు నేర్పినవాళ్లలో తెలుగు పేరు ఒకటుంది: లలితేశ్ కాట్రగడ్డ.

బెంగళూరులో గూగుల్ ఇంజనీరింగ్ కేంద్రాన్ని నిలబెట్టిన వాళ్లలో ఆయనొకరు. మన ఊళ్లకు డబ్బిచ్చి కొందామన్నా సరైన డిజిటల్ పటాలు దొరకని రోజులవి. మరి ఆ ఊళ్లో వాళ్ల చేతే గీయిస్తే? అలా పుట్టింది మ్యాప్ మేకర్. ఉపగ్రహం తీసిన ఫొటోలో మీ వీధి బూడిదరంగు చారలా కనిపిస్తుంది. దాని వెంట మౌసుతో గీత లాగి, పేరు రాస్తారు. ఇంకొకరు సరిచూస్తే అది పటంలోకి ఎక్కుతుంది. అంతే పని.

2008 మే నెలలో నర్గీస్ తుఫాను మయన్మార్‌ను ముంచేసింది. సాయానికి వెళ్లేవాళ్లకు రోడ్ల పటమే లేదు. 40 మంది వలంటీర్లు కూర్చుని, ఈ సాఫ్ట్‌వేర్‌తో నాలుగే రోజుల్లో 1,20,000 కిలోమీటర్ల రోడ్లు, 3,000 ఆస్పత్రులు గుర్తించారు. మన ఉప్పాడ సముద్రపు ఒడ్డున తుఫాను రాత్రి గడిపినవాళ్లకు ఆ పటం విలువ వేరే చెప్పాలా! జూన్‌లో మ్యాప్ మేకర్ జనం చేతికొచ్చింది. 2009 చివర్లో గూగుల్ మన దేశంలో గుళ్లూ బంకులూ గుర్తులుగా దారి చెప్పడం మొదలుపెట్టింది.

ఇంతవరకూ నాకు కృతజ్ఞతే. తర్వాతి కథే గుబులు పుట్టిస్తుంది. పేర్లు రాసింది జనం, కూలి అడగకుండా. వాటిని ఎవరు ఎలా వాడాలో తేల్చేది మాత్రం కంపెనీ. 2017 మార్చిలో మ్యాప్ మేకర్‌ను మూసేసింది. 2018లో, గూగుల్ పటాన్ని తమ యాప్‌లలో పెట్టుకునేవాళ్లకు రేట్లు బాగా పెంచింది. 2024లో క్యాబ్ కంపెనీ ఓలా గూగుల్‌ను వదిలి సొంత పటానికి మారిపోయింది. ఆ ఆగస్టు నుంచే మన దేశంలో గూగుల్ రేట్లు 70 శాతం దాకా తగ్గాయి. ఇంత తగ్గించగలిగిన ధరను అన్నాళ్లూ మోసిందెవరు?

జనం సొత్తు జనానికే మిగిలిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ ఖర్చు భరిస్తే, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పండితులు తెలుగు మాటలు పోగేసి సూర్యరాయాంధ్ర నిఘంటువు కూర్చారు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఇవాళ దాన్ని ఎవరైనా పైసా ఇవ్వకుండా ఇంటర్నెట్‌లో తెరిచి చూసుకోవచ్చు. మాటలకు దక్కిన ఆ భద్రత మన వీధుల పేర్లకూ దక్కాలి.

అలాంటి పటం ఉంది. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అందులో గీసింది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. గూగుల్ పటం మానెయ్యమని అనను, నేనూ వాడతాను. మీ వీధి పేరు మాత్రం ఒకసారి ఇందులోనూ రాయండి, తెలుగులో.